వంటగది దాకా ఇచ్చిన నవ్వు

"బాగుంది. గడ్డం కొంచెం కిందికి దించండి. ఆఁ, అలాగే ఉండండి. ఇప్పుడు చెప్పండి, ఈ ఫోటో ఎక్కడిదాకా వెళ్లొచ్చు?"

"ఎక్కడిదాకా ఏమిటండీ? పాస్‌పోర్టు ఆఫీసు దాకా."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత పాస్‌పోర్టులో అతుక్కుని కూర్చుంటుంది."

"అది కూర్చుంటుంది, మీరు కూర్చోరుగా! విమానం ఎక్కుతారు, దిగుతారు. దిగినచోట హోటలువాడు దాన్ని జిరాక్సు తీసుకుంటాడు. తీసుకోవచ్చా?"

"ఏవండీ, మీరు ఫోటో తీస్తారా, విచారణ జరుపుతారా? నాకవతల బస్సుకి టైమైపోతోంది!"

"అందుకే తియ్యకముందు అడుగుతున్నాను. తీశాక అడిగితే దాన్ని అడగడం అనరండీ, చెప్పడం అంటారు."

గోడకి ఇవతల ఫ్రేముల షాపులో చెక్క కోస్తున్న ఆవిడ రంపం ఆపి నవ్వుకుంది. ఆ మేడ మీద వరండాలో ఉన్నవి రెండే గదులు. ఒకటి ఆయన స్టూడియో, రెండోది ఈవిడ షాపు. మధ్య గోడ అట్టముక్కంత మందం. అందుచేత స్టూడియోలోకి అడుగుపెట్టిన ప్రతి మనిషీ తన ముఖం ఎక్కడిదాకా వెళ్లాలని కోరుకున్నాడో ఆవిడకి తెలుసు.

ఆయనకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఆ వీధిలో మాత్రం అందరూ 'ఎక్కడిదాకా గారు' అనే అంటారు. బటన్ నొక్కేముందు ఆ ప్రశ్న అడక్కుండా ఆయన చేతిలో కెమెరా పని చెయ్యదు. పెళ్లి ఫోటోలైనా, గుర్తింపు కార్డు ఫోటో అయినా, కొత్తగా కొన్న కుక్కపిల్ల ఫోటో అయినా సరే. మనుషులు చెప్పిన జవాబు కూడా ఆయన మహా శ్రద్ధగా పాటిస్తాడు. "మా అక్క ఫోన్ దాకా" అంటే అక్క ఫోన్ దాకానే. బావ ఫోన్‌కి పంపాలంటే ఆ మనిషిని మళ్లీ అడగాలి.

ఒకసారి ఒకావిడ చంటిపిల్లాణ్ణి తీసుకొచ్చింది. ఎక్కడిదాకా గారు మోకాళ్ల మీద కూర్చుని పిల్లాణ్ణే అడిగాడు. "ఏం నాన్నా, ఎక్కడిదాకా?"

పిల్లాడు లెన్సు మూత లాక్కుని నోట్లో పెట్టుకున్నాడు.

"ఇప్పుడే చెప్పలేనంటున్నాడమ్మా. అందాకా ఇంట్లోనే ఉంచండి. పెద్దయ్యాక నేనే వచ్చి అడుగుతాను."

"నేను వాడి తల్లినండీ! నన్నడగండి!"

"మిమ్మల్ని మీ ఫోటోకి అడుగుతాను."

ఈ పద్ధతి వల్ల ఆయన వ్యాపారానికి కలిగిన లాభమేమిటంటే, మెట్ల దగ్గరున్న షోకేసులో పెట్టుకోవడానికి ఒక్క మనిషి ముఖం కూడా లేకపోవడం. మిగతా స్టూడియోల వాళ్లు పెళ్లికూతుళ్లనీ, బోసినవ్వుల పిల్లల్నీ వరసగా పేర్చుకుంటే, ఈయన షోకేసులో ఒక కుర్చీ ఫోటో ఉంటుంది. ఖాళీ కుర్చీ. వెలుతురు పక్కనించి పడి ఎంతో అందంగా ఉంటుంది, కానీ కుర్చీయే. కిందినించి వెళ్లేవాళ్లు అదేదో ఫర్నిచరు కొట్టనుకుని మంచాల ధర అడగడానికి మెట్లెక్కి వస్తుంటారు.

"అదొక్కటే ఎందుకు పెట్టారన్నయ్యా?" అని ఫ్రేములమ్మ ఒకసారి అడిగింది.

"దాన్నీ అడిగాను చెల్లెమ్మా. ఏమీ అనలేదు. అభ్యంతరం లేదనుకున్నాను."

ఆయన భార్యని ఫ్రేములమ్మ వదినా అని పిలుస్తుంది. భోజనం క్యారియరు తెచ్చిన వదిన ఆ మాట విని, "మీ అన్నయ్య వెబ్‌సైటు చూశావా?" అంది. "సైటు దాకా సరేనన్న వాళ్ల ప్రతి బొమ్మకీ అడ్డంగా ఈ చివరినించి ఆ చివరికి పేరు వేసుకున్నాడు. ముక్కూ మొహం తెలీదు. పైగా బొమ్మ తెరవాలంటే ఎందుకో, ఎక్కడికో, ఎన్నాళ్లో రాసివ్వాలి. ఆ సైటుకి వెళ్లేదాన్ని నేనొక్కదాన్నే. అదైనా ఎందుకంటే, ఈయన ఫోన్ ఎత్తడు కనక ఆ గళ్లలో 'అన్నం తిన్నారా' అని రాయడానికి."

"దానికీ జవాబిచ్చాను కదా," అన్నాడాయన కొంచెం నొచ్చుకుని.

"ఇచ్చారు. 'మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది' అని!"

ఫ్రేములమ్మకి ఆయనంటే అందుకే ఇష్టం. ఆవిడ కూడా ఎవరి దగ్గరా నేర్చుకోకుండా, చెక్కలు పాడుచేసుకుంటూ సొంతంగా పని పట్టుకున్న మనిషి. రెండు బద్దలు కలిసే మూల దగ్గర వెంట్రుకంత సందు కూడా కనబడకూడదన్నది ఆవిడ పంతం. నెట్‌లో ఆవిడకొక పేజీ ఉంది, పేరు 'మూలలు'. కుదిరిన ప్రతి మూలకీ ఫోటో తీసి అందులో పెడుతుంది. లోపల ఉన్నది తాతగారా, తాజ్‌మహలా అని అడిగితే ఆవిడ చెప్పలేదు. మూల ఎలా వచ్చిందో మాత్రం అరగంట చెబుతుంది. పనిబల్ల మీద ట్యూబులైటు ఒకవైపు కొక్కెం ఊడి ఏటవాలుగా వేలాడుతుంటుంది. "నిచ్చెన తెస్తాను, సరిచేద్దాం చెల్లెమ్మా" అని ఎక్కడిదాకా గారు అంటూనే ఉంటాడు. "మూల బాగానే కనిపిస్తోంది, వదిలెయ్యండన్నయ్యా" అని ఆవిడ అంటూనే ఉంటుంది.

అలాంటి ఎక్కడిదాకా గారు, ఎవరైనా అడక్కుండా వాడిన బొమ్మ చూశాడో, ఇక ఆయనకి భోజనం సహించదు.

వీధి చివర మంగలి షాపు కొత్త బోర్డు మీద ఒక అమ్మాయి పొడుగాటి జడ కనిపించింది. అది ఆయన తీసిన జడ. నేరుగా లోపలికెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. మంగలి సబ్బు నురగ పట్టించి ఒక బుగ్గ గీసేదాకా ఊరుకుని, అప్పుడు మొదలుపెట్టాడు.

"ఆ బోర్డు మీద జడ ఎక్కడిది?"

"నెట్‌లో దొరికిందండీ."

"మీ ఇంటి తాళంచెవి రేపు నాకు రోడ్డు మీద దొరికితే తలుపు తీసుకుని లోపలికొచ్చి పడుకోవచ్చా?"

"జడకీ తాళంచెవికీ సంబంధమేముందండీ?"

"రెండూ ఎవరో ఒకరివి. అదే సంబంధం."

మంగలికీ పౌరుషం వచ్చింది. రెండో బుగ్గ గియ్యనన్నాడు. బోర్డు దించేదాకా కుర్చీ దిగనని ఈయనన్నాడు. వెనక బెంచీ మీద జనం పెరిగిపోయారు. చివరికి ఎవరో బతిమాలి లేపితే, సగం గడ్డంతో స్టూడియోకి వచ్చి, సగం గడ్డంతోనే ఒక కుటుంబానికి గ్రూపు ఫోటో తీశాడు. ఆ ఫోటోలో అందరూ ఎందుకంత సహజంగా నవ్వారో వాళ్లింట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

సాయంత్రం షాపు కట్టేశాక మంగలే మెట్లెక్కి వచ్చాడు. "ఏమనుకోకండి. ఆ జడ బోర్డు మీద పెట్టుకోవచ్చా?" అని తల గోక్కుంటూ అడిగాడు.

"భేషుగ్గా! ఆ అమ్మాయి 'మన వీధి దాకా' అంది. నీ షాపు వీధిలోనే ఉంది. కింద నా పేరు చిన్నగా వేసుకో, చాలు. ఇంకో వీధిలో ఇంకో షాపు పెడితే మాత్రం మళ్లీ రావాలి."

"డబ్బులేమైనా…?"

"ఈ రెండో బుగ్గ సంగతి చూడు ముందు."

అదండీ మనిషి. అలాంటి స్టూడియోకి ఒకరోజు పక్క బడి పెద్ద టీచరుగారు వచ్చారు, గుర్తింపు కార్డు ఫోటోకి. ఆవిడ వరండాలో నడుస్తుంటే బడిలో ఫ్యాన్లు కూడా చప్పుడు చెయ్యకుండా తిరుగుతాయని పేరు. ఆవిడ నవ్వగా చూసిన పిల్లలు లేరు. అలా చూశామన్న పిల్లల్ని మిగతా పిల్లలు నమ్మరు.

ఎక్కడిదాకా గారు షరా మామూలుగా, "ఈ ఫోటో ఎక్కడిదాకా వెళ్లొచ్చండీ?" అన్నాడు.

"నా మెడ దాకా," అన్నారావిడ. "కార్డుకి తాడుంటుంది."

"తాడు తెగితే?"

ఆ 'తాడు తెగితే'కి ఎందుకో మరి, ఆవిడకి నవ్వొచ్చింది. ఆపుకోబోతే ఇంకా వచ్చింది. తల వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి, పన్ను మీద పన్ను ఎక్కిన ఆ పలువరసంతా కనపడేలా నవ్వారు. అప్పటికే బటన్ మీదున్న వేలు నొక్కేసింది. నొక్కిన మరుక్షణం ఆయన కెమెరా బల్ల మీద పెట్టి రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"క్షమించండి. అడక్కుండా తీశాను. చెరిపెయ్యమంటే మీ ఎదుటే చెరిపేస్తాను."

ఆవిడ ఆ బొమ్మని చాలాసేపు చూశారు. "వద్దు," అన్నారు మెల్లిగా. "ఇది మా వంటగది దాకా రావచ్చు."

"హాల్లోకి వద్దా?"

"హాల్లోకి పిల్లల తల్లిదండ్రులు వస్తుంటారండీ. నేను నవ్వుతానని వాళ్లకి తెలిస్తే బడి నడవదు."

ఆ బొమ్మకి ఫ్రేము ఫ్రేములమ్మే కట్టింది. ఆవిడ జీవితంలో నాలుగు మూలలూ ఒకదాన్ని మించి ఒకటి కుదిరిన ఫ్రేము అదే. ఆ సంతోషంలో ఆవిడకి ఆ పూట టీ తాగడం కూడా గుర్తులేదు.

కొన్ని వారాలు గడిచాయి. ఫ్రేములమ్మ కూరగాయల సంచితో రోడ్డు దాటబోతూ ఆగిపోయింది. ఎదురుగా ఒక బస్సు వెనకభాగమంతా పెద్ద టీచరుగారే. తలుపంత ముఖం, దిండంత పళ్లు. బుగ్గ మీద ఏటవాలుగా ఒక తెల్లటి గీత. కింద ఎర్ర అక్షరాలు: 'ఇలాంటి పలువరసతో ఇంకా ఎన్నాళ్లు? మా పళ్ల ఆసుపత్రికి రండి!' బస్సు పొగ వదిలి వెళ్లిపోయింది. దాని వెనకే ఇంకో బస్సు వచ్చింది. దాని మీదా ఆవిడే.

ఫ్రేములమ్మ మెట్లెక్కి వచ్చేసరికి పెద్ద టీచరుగారు అప్పటికే స్టూడియోలో ఉన్నారు. నోటికి చేతిరుమాలు అడ్డంపెట్టుకుని నిలబడ్డారు. పక్కన బల్ల మీద కాగితంలో చుట్టిన ఫ్రేము.

"వంటగది దాకా అన్నాను కదండీ," అన్నారు రుమాలు వెనకనించి.

"అన్నారు," అన్నాడాయన.

"పిల్లలు గోడ మీద బొమ్మ వేశారు. పళ్లు మాత్రమే వేశారు, నేనని అందరికీ తెలిసిపోయింది. బడికి సెలవు పెట్టేశాను. మళ్లీ వెళ్తానో లేదో తెలీదు." ఫ్రేము ఆయన వైపు జరిపారు. "ఇది మీరే ఉంచుకోండి. వంటగదిలో కూడా చూడలేకపోతున్నాను."

ఆవిడ మెట్లు దిగి వెళ్లిపోయారు. ఎక్కడిదాకా గారు కాగితం విప్పలేదు. సంచీ భుజాన వేసుకున్నాడు.

"అన్నయ్యా, ఎక్కడికి?"

"అదే చూసొస్తాను."

వెళ్లి ఆ బొమ్మ ఉన్న బస్సే ఎక్కాడు. కండక్టరు వచ్చి, "ఎక్కడిదాకా?" అన్నాడు. ఇన్నేళ్లుగా ఊరందరినీ తను అడిగిన ప్రశ్న ఎదురొచ్చేసరికి ఆయన ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత గొంతు సవరించుకుని, "ఈ బస్సు వెనకున్నావిడ ఎక్కడిదాకా వెళ్తారో అక్కడిదాకా" అన్నాడు.

కండక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూసి, ఈయన్ని ఎగాదిగా చూసి, ఆఖరి స్టాపుకి టికెట్టు కొట్టాడు.

ఆ ఆఖరి స్టాపు దగ్గరే పళ్ల ఆసుపత్రి. అద్దాల తలుపులు, చల్లగాలి, గోడ నిండా అదే నవ్వు. ఎక్కడిదాకా గారు రిసెప్షన్‌లో కూర్చున్నాడు. బొమ్మ దించమన్నాడు. మేనేజరు మీటింగులో ఉన్నారన్నారు. మర్నాడు వచ్చాడు. మేనేజరు ఊళ్లో లేరన్నారు. ఆ మర్నాడూ వచ్చాడు. రోజూ మూతి బిగించుకుని కూర్చునే ఈ మనిషికి పంటిపోటు ఎక్కువగా ఉందనుకుని ఒక నర్సు జాలిపడి లోపలికి తీసుకెళ్లి కుర్చీలో పడుకోబెట్టింది. పళ్ల డాక్టరు, అంటే ఆసుపత్రి యజమానే, దీపం ముఖం మీదికి తిప్పి, "ఏదీ, నోరు తెరవండి" అన్నాడు.

ఎక్కడిదాకా గారు మూసిన పెదవుల మధ్యనించే అన్నాడు. "ఆవిడ బొమ్మ దింపండి. తెరుస్తాను."

"ఏ బొమ్మ?"

"మీ గోడ మీదది. మీ బస్సు మీదది. నేను తీసింది."

"ఓ, మీరేనా! రోజూ వచ్చి కూర్చుంటున్నారట?" డాక్టరు చేతిలో అద్దంపుల్ల పక్కన పెట్టాడు. "దానికింత పట్టుదల దేనికండీ? ఎంతో చెప్పండి, ఇచ్చేస్తాం."

"నేను నోరు తెరవనన్నది ధర చెప్పడానికి కాదు."

బయట వరసలో ఉన్నవాళ్లు పంటినొప్పి మరిచిపోయి గుమ్మం దగ్గర మూగారు. ఆ కుర్చీ ఖాళీ అవ్వాలంటే వేరే దారి లేక, వకీలుని పిలిపించి మాట్లాడుకుందామని డాక్టరు ఒప్పుకున్నాడు.

అలా మాట్లాడుకునే రోజున ఎక్కడిదాకా గారు పెద్ద టీచరుగారిని బతిమాలి తీసుకొచ్చాడు. "మీ ముఖం గురించి మీరు లేకుండా మాట్లాడడం మళ్లీ అదే తప్పు అవుతుందండీ" అన్నాడు. ఆ బొమ్మకి ఒక్కటే ప్రింటు వేశామని, అదీ ఫ్రేములోకే వెళ్లిందని సాక్ష్యం చెప్పడానికి ఫ్రేములమ్మని రమ్మన్నాడు. పొడుగాటి బల్లకి ఒకవైపు వీళ్లు ముగ్గురు. అటు వైపు డాక్టరు, నున్నగా దువ్విన తలతో వకీలు.

వకీలు మంచి మాటకారి. "ఫోటో మీద హక్కు తీసినవారిది, అందులో మాకేం పేచీ లేదండి. పొరపాటున వాడాం. ఇప్పుడు మీరు మాకు లైసెన్సు ఇచ్చెయ్యండి. ఇచ్చినట్టు వెనకటి తేదీతో రాసుకుందాం. అంకె దగ్గర ఖాళీ వదిలాను, మీ ఇష్టం వచ్చింది వేసుకోండి."

కాగితం జరిపాడు. ఎక్కడిదాకా గారు కళ్లజోడు పెట్టుకుని అంకె ఉన్న చోటు దాటేసి కిందికి వెళ్లాడు.

"ఎక్కడిదాకా?"

"అంటే?"

"లైసెన్సు ఎక్కడిదాకా, ఎన్నాళ్లదాకా?"

"అదంతా మామూలు భాషండీ. 'ఇప్పుడున్న, ఇకముందు రాబోయే అన్ని మాధ్యమాలలో, శాశ్వతంగా, విశ్వమంతటా'."

ఎక్కడిదాకా గారి కళ్లజోడు ముక్కు చివరికి జారింది. "విశ్వమంతటానా?"

"అవునండి. అందరూ అలాగే రాస్తారు."

"ఆవిడ వంటగది దాకా అన్నారు. మీరు చంద్రమండలం దాటించేస్తున్నారు! అక్కడెవరికి పళ్లు కట్టాలండీ?"

"మీరలా పెడర్థాలు తీస్తే ఎలా? ఒక్క సంతకం. హక్కు మీది, డబ్బు మీది. ఆవిడ సంగతి మీకెందుకు?"

"హక్కు నాది. ముఖం ఆవిడది. బొమ్మ తీసినందుకు నాకొచ్చింది తాళంచెవి, ఇల్లు కాదు. సంతకం పెట్టను. ఇంకా పెద్ద అంకె వేసినా పెట్టను. మీరు నన్ను కోర్టు మెట్లెక్కిస్తే ఎక్కుతాను. రోజూ ఎక్కుతాను. మేడ మీద షాపువాణ్ణి, నాకు మెట్లు అలవాటే."

వకీలు చిరునవ్వుతో కుర్చీలో వెనక్కి వాలి, ఇంకో కాగితం తీశాడు. "అయితే మేమూ ఒకటి అడగాలి. వంటగది దాకా వెళ్లాల్సిన ఫోటో మా డిజైనరుకి నెట్‌లో ఎలా దొరికింది? అందరికీ కనబడేలా తెరిచి ఉన్న పేజీలోనే దొరికింది. ఆ పేజీ ఎవరిదంటే…"

"నాదే," అన్నాడు ఎక్కడిదాకా గారు.

వకీలు కాగితంలోకి చూశాడు. "ఇక్కడ పేరు…"

"నాదేనంటున్నాను కదండీ! నేనే పెట్టాను. పెడితే? గుమ్మం ముందు సైకిలు పెట్టుకుంటే ఎక్కి తొక్కుకుపొమ్మన్నట్టా?"

ఫ్రేములమ్మ నోరు తెరుచుకుని ఆయన వంక చూసింది. పెళ్లాం అన్నం తిన్నారా అంటే పరిశీలనలో ఉందనే మనిషి, అడక్కుండా ఒకరి బొమ్మ నెట్‌లో పెట్టడమా!

పెద్ద టీచరుగారు రుమాలు పైనించి కళ్లు తిప్పి చూశారు. బడిలో ఫ్యాన్లని అదుపులో పెట్టే చూపు అది. "మీరే పెట్టారా?"

"నేనేనండీ."

"నిలబడండి."

ఎక్కడిదాకా గారు నిలబడ్డాడు. చిన్నప్పటి అలవాటు కొద్దీ ఎదురుగా ఉన్న వకీలు కూడా సగం లేచి, ఇది తనని కాదని తెలిసి కూర్చున్నాడు.

"ఊరందరినీ అడిగేవారు, నన్ను అడగలేదేం?"

"తప్పేనండీ."

"కూర్చోమనేదాకా కూర్చోకండి."

"చిత్తం."

అలా నిలబడే ఆయన డాక్టరు వైపు తిరిగాడు. "నాకు పడాల్సింది పడింది. ఇక మీ సంగతి. నాకు సంజాయిషీ అక్కర్లేదు. ఎదురుగా ఉన్నారు కదా, ఆవిడనే అడగండి. మొదటే అడగాల్సింది, ఇప్పుడు అడగండి."

డాక్టరు వకీలు వంక చూశాడు. వకీలు వద్దన్నట్టు తల ఊపాడు. కానీ తన కుర్చీలో పడుకుని నోరు తెరవని మనిషిని భరించిన డాక్టరుకి ఓపిక అయిపోయింది. ఆవిడ వైపు తిరిగాడు. "అమ్మా, మిమ్మల్ని అడగకుండా వాడాం. తప్పు జరిగింది. ఇప్పుడు అడుగుతున్నాను. మీ ఫోటో మా ప్రచారానికి వాడుకోవచ్చా?"

పెద్ద టీచరుగారు రుమాలు మడిచి బల్ల మీద పెట్టారు. బస్సుల మీద బొమ్మ పడిన తర్వాత ఆవిడ నోరు బయటి గాలికి కనబడడం అదే మొదలు.

"ఇప్పుడు అడిగారు. బాగుంది," అన్నారు. "వద్దు."

అని నవ్వారు. పన్ను మీద పన్నుతో సహా, గది మారుమోగేలా. వకీలు ఆ నవ్వులో తనకి తెలియకుండానే దువ్విన జుట్టు చెరుపుకున్నాడు. ఎక్కడిదాకా గారి కుడిచెయ్యి సంచీలో కెమెరా మీదికి వెళ్లి, ఒట్టిదే వెనక్కి వచ్చింది.

బస్సుల మీద బొమ్మలు గీకేశారు. గోడ మీదా దించారు. సోమవారం బడిలో ఫ్యాన్లు మళ్లీ బుద్ధిగా తిరుగుతున్నాయని తెలిసింది. ఎక్కడిదాకా గారి మీద మాత్రం పెద్ద టీచరుగారి కోపం తగ్గలేదు. ఎదురుపడితే పక్కకి తిరిగి వెళ్లిపోతున్నారు. వీధిలో మంగలి కూడా, "ఏవండోయ్, మాకు నీతులు చెప్పి మీరు చేసింది అదా?" అన్నాడట. ఈయన ఆ రోజు రెండు బుగ్గలూ గీయించుకుని, డబ్బులిచ్చి లేచి వచ్చాడట.

ఫ్రేములమ్మకి అదే కొరుకుడుపడలేదు. ఆయన వెబ్‌సైటంతా వెతికింది. పేరు అడ్డంగా పడ్డ ముఖాలు బోలెడున్నాయి, పెద్ద టీచరుగారు లేరు. విసుగేసి ఫోన్ పక్కన పెట్టబోతూ, మనసు కుదుటపడడానికి ఎప్పటిలాగే తన 'మూలలు' తెరిచింది. ఒక మూల, ఇంకో మూల, మరో మూల. ఆ తర్వాత నాలుగు మూలలూ ఒకేసారి కుదిరిన ఆ ఫ్రేము.

నాలుగు మూలలూ ఒకే ఫోటోలో పట్టాలంటే మధ్యలో ఉన్నది కూడా పడుతుంది కదా. మధ్యలో పెద్ద టీచరుగారు నోరారా నవ్వుతున్నారు. ఆవిడ బుగ్గ మీద, ఫ్రేము అద్దంలో పడిన వెలుగు, ఏటవాలుగా తెల్లటి గీత. ఫ్రేములమ్మ తలెత్తి చూసింది. ఒంటి కొక్కెం మీద ట్యూబులైటు సరిగ్గా అదే వాలుతో వేలాడుతోంది.

పేజీలోంచి ఆ ఫోటో తీసేసింది. చేతికంటిన రంపంపొట్టు కూడా దులుపుకోకుండా పక్క గదిలోకి వెళ్లింది. ఆయన లెన్సు తుడుచుకుంటున్నాడు.

"అన్నయ్యా, ఆ ఫోటో… బస్సు మీదది… అది మీ పేజీ కాదు. అది నా…"

"ఆగు," అన్నాడాయన. లెన్సు కింద పెట్టి, ఆవిడ ముఖంలోకి సూటిగా, బటన్ నొక్కేముందు అందర్నీ చూసినట్టే చూశాడు. "నువ్వు చెప్పబోయే మాట ఎక్కడిదాకా వెళ్లొచ్చు చెల్లెమ్మా?"

"మీకు… ఎప్పటినించి తెలుసు?"

"బస్సు చూసిన రోజే. నీ ట్యూబులైటుని వీధిలో తిప్పుతున్నారు, గుర్తుపట్టనా? నిచ్చెన తెస్తానంటే విన్నావా?"

"మరి ఆవిడ ముందు అలా ఎందుకన్నారు? అందరూ మిమ్మల్ని…"

"నన్నంటే ఏమైంది? నేను ఎవరితోనైనా పోట్లాడి రాత్రి హాయిగా నిద్రపోతాను. నిన్ను ఆవిడ ఒక్కసారి 'నిలబడు' అంటే నువ్వు ఇవాళ్టికీ కూర్చోవు. పైగా వకీలు నీ పేరు చదివేవాడు. నిన్ను అడక్కుండా నీ పేరు ఆ బల్ల మీదికి ఎలా రానిస్తాను?"

ఫ్రేములమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. కొంగుకున్న రంపంపొట్టుకి తుమ్మొచ్చింది. తుమ్మి, నవ్వేసింది. "ఆవిడ దాకా వెళ్లాలన్నయ్యా. ఆ మాట. అంతవరకే."

"అయితే సరే. పని కూడా దొరికింది నీకు." ఆయన లేచి, కాగితంలో చుట్టిన ఫ్రేము తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. "ఇందాక ఆవిడ ఫోన్ చేశారు. నాతో కాదు, మీ వదినతో. నాతో మాట్లాడరుగా. ఫ్రేము తిరిగి పంపమన్నారట. వంటగది దాకా ఉన్నదాన్ని హాలు దాకా పెంచారట. తల్లిదండ్రులు చూస్తే చూడనీ అన్నారట."

"నిజంగానా!"

"ఈసారి మెరవని అద్దం వెయ్యి. నువ్వే తీసుకెళ్లు, మేకు నువ్వే కొట్టు. నీ మాట ఆవిడకి నువ్వే చెప్పు. చెప్పాక, ఆవిడ ముఖం కాస్త తేలికపడితే…" అని ఆగి, మెట్ల వైపు చూసి గొంతు తగ్గించాడు. "మన షోకేసు దాకా వస్తుందేమో ఒక్కసారి అడిగి చూడు. అడగడం వరకే. బలవంతపెట్టకు. వద్దంటే మనకి కుర్చీ ఎలాగూ ఉంది."